మూడు నిలువు, అయిదక్షరాలు

మా ఇంటికి దినపత్రిక ఒక్కటే వచ్చేది. అందులో వచ్చే క్రాస్‌వర్డ్ గళ్ళు నింపేవాళ్ళం మాత్రం ముగ్గురం. నాన్న, మేనత్త, నేను. గొడవంతా ఈ లెక్కలోనే ఉంది.

నాన్నది పెన్ను. అందులోనూ నల్ల సిరా. ఆధారం సగం చదివేసరికే జవాబు రాసేసేవారు. తప్పని తేలితే కొట్టివేసే అలవాటు లేదు, ఉన్న అక్షరం మీదే కొత్త అక్షరం దిద్దేవారు. 'క' మీద 'త', దాని మీద 'వ'. మూడోసారి దిద్దాక ఆ గడికీ పక్కనున్న నల్లగడికీ తేడా తెలిసేది కాదు. "ఒరేయ్, ఇది గడా, సిరాబుడ్డి మూతా?" అనేది అత్తయ్య. ఆవిడది పెన్సిలు. ముల్లులా చెక్కిన మొన, పక్కనే అరిగి గోలీకాయంత అయిన రబ్బరు. రూఢి అయితే తప్ప గడి మధ్యలో రాసేది కాదు. అనుమానంగా ఉంటే మూలన చీమంత అక్షరం వేసి వదిలేసేది. ఆ చీమలు రోజంతా అక్కడే ఉండి, సాయంత్రానికి కొన్ని పెద్దవయ్యేవి, కొన్ని చెరిగిపోయేవి. నాకు పెన్నూ లేదు, పెన్సిలూ లేదు. వాళ్ళిద్దరికీ అంతుపట్టక మిగిలిన గళ్ళ మీద మాత్రమే నాకు హక్కు. అంటే చదవడం సరిగ్గా రాకముందే నాకు కష్టమైన గళ్ళు అప్పగించారన్నమాట. ఈ అన్యాయం మీద నేను చాలాకాలం పోరాడాను.

అత్తయ్య నాన్నకు పదేళ్ళు పెద్ద. బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. కానీ వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని అమరకోశం వల్లె వేసిందట. అర్థం తెలియకుండా నోటికి వచ్చిన ఆ మాటలన్నీ, అర్థం తెలిశాక ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. దానికి తోడు అక్షరం ఉన్న కాగితం కంటబడితే చదవకుండా వదిలేది కాదు. పాత పంచాంగం, పొట్లం కట్టిన కాగితం, పెళ్ళిపత్రిక వెనక ముద్రించిన శ్లోకం. ఆవిడ చదువు ఎంత అని ఎవరైనా అడిగితే నాన్న "నాకంటే తక్కువ, నాకు తెలిసినదానికంటే ఎక్కువ" అనేవారు.

ఈ ఆటకు పేర్లు చాలా ఉన్నాయి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నాడు. ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నాడు. ఇద్దరూ పేరు పెట్టి ఊరుకోలేదు, స్వయంగా కూర్చి జనం మీదికి వదిలారు. మా పత్రిక ఇంకో పేరు పెట్టుకుంది. మా ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ 'గళ్ళు'. "గళ్ళయ్యాయా?" అంటే స్నానం అయిందా, చదువు అయిందా అన్నంత మామూలు ప్రశ్న.

ఇంగ్లీషు పజిలు చేసి అలవాటైనవాళ్ళకు తెలుగు గడి మొదట్లో సులువుగా కనిపిస్తుంది. అక్కడ ఏడెనిమిది గళ్ళు పట్టే మాట ఇక్కడ మూడింట్లో ఇమిడిపోతుంది కదా అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. వాళ్ళ గడిలో ఇరవయ్యారు అక్షరాల్లో ఏదో ఒకటి. మన గడిలో గుణింతంతో, ఒత్తుతో, సున్నతో సహా మొత్తం అక్షరం కూర్చోవాలి. అడ్డంలో 'ర్దూ' వచ్చిందంటే నిలువులోనూ అదే 'ర్దూ' రావాలి. 'దూ' చాలదు, 'ర్దు' పనికిరాదు. అందుకే మన గళ్ళలో నల్లగళ్ళు ఎక్కువ, కలిసే చోట్లు తక్కువ. ఒక్క అక్షరం పట్టుకున్నామంటే మాత్రం సగం మాట పట్టుకున్నట్టే. 'త్పు'ను ఇముడ్చుకునే మాటలు ఎన్ని ఉంటాయి మరి?

అత్తయ్య దీన్ని పద్యంతో పోల్చేది. "ప్రాస లాంటిదే ఇది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి. కాకపోతే పద్యం దయగలది, హల్లు ఒకటైతే చాలు, గుణింతం ఏదైనా ఒప్పుకుంటుంది. గడి ఒప్పుకోదు" అనేది. నాకు అప్పటికి ప్రాస అంటే ఏమిటో తెలియదు. గళ్ళ వల్లే తెలిసింది.

మా పత్రికలో గళ్ళు కూర్చేది ఎవరో మాకు ఎప్పుడూ తెలియలేదు. పేరు వేసేవారు కాదు. అత్తయ్య 'గళ్ళాయన' అనేది. ఆయనకు కొన్ని ఇష్టమైన గమ్మత్తులు ఉండేవి. "రోజును తిరగేస్తే ఏరు" అంటే 'దిన'ను వెనక నుంచి చదవాలి, నది. "తోక తెగిన కోతి ఆకాశం నుంచి రాలింది" అన్నరోజు నాన్న రెండు గంటలు కోతుల పేర్లు రాసుకుంటూ కూర్చున్నారు. వానరానికి చివరి అక్షరం తీసేస్తే మిగిలేది వాన. జవాబు తెలిశాక నాన్న నవ్వలేదు. "ఆకాశం నుంచి కోతి రాలడం ఏమిటి, అర్థం లేకుండా" అని విసుక్కున్నారు. అత్తయ్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ పూటంతా నవ్వుకుంది. "ఎటు నుంచి చదివినా తెనాలి రామకృష్ణుడే" అన్న ఆధారం నాకు దక్కిన మొదటి విజయం. వికటకవి. అయిదు గళ్ళూ నా చేతివ్రాతే. ఆ కాగితం చాలాకాలం దాచాను.

గళ్ళాయనకు ఇంకో అలవాటు ఉండేది. మా ఇంటిని పట్టి ఊపింది అదే. గళ్ళలో రోజుకొక దారం దాచేవాడు. నాలుగైదు పొడుగు మాటలు ఒకే కుటుంబానికి చెందినవై ఉండేవి. ఆ కుటుంబం ఏదో చెప్పేవాడు కాదు. పైన చిన్న అక్షరాల్లో ఒక వాక్యం, అంతే. ఒకరోజు నదులు. ఒకరోజు గ్రహాలు. ఒకరోజు రాగాలు. రాగాలని తెలిసేది చివరికే, ఎందుకంటే ఆధారంలో రాగం ఊసే ఉండదు. "హంస కూత" అని ఉంటుంది, హంసధ్వని అని రాస్తాం. "చిగురించే ఋతువు" అని ఉంటుంది, వసంత అని రాస్తాం. మూడు నాలుగు రాశాక ఎవరో ఒకరు కూనిరాగం తీస్తారు. అప్పుడు ఇంకా నింపని గళ్ళు కూడా ఒక్కసారిగా మాట్లాడతాయి. ఆధారం చూడకుండానే జవాబు రాయగలిగే ఆ రెండు నిమిషాల కోసమే మేం మిగిలిన గంటన్నర కష్టపడేవాళ్ళమని నాకిప్పుడు అనిపిస్తుంది.

నాకు బాగా గుర్తున్న గడి పన్నెండేళ్ళ వయసులోది. పైన ఇచ్చిన వాక్యం, "ఈనాటి చుట్టాలందరూ నడకలోనే తెలుస్తారు."

నాన్న ఎప్పటిలాగే ముందు పత్రిక అందుకున్నారు. మూడు నిలువు, "నర్తించే పడతి", అయిదక్షరాలు. నర్తకి మూడే. ఆలోచించి 'నర్తకీమణి' అని దిద్ది పడేశారు. న, ర్త, కీ, మ, ణి. సరిగ్గా అయిదు. తన తెలివికి తనే మురిసిపోయి పత్రిక అత్తయ్యకు ఇచ్చారు.

అత్తయ్య దాన్ని అడ్డంగా కోసే మాట దగ్గర ఆగింది. "కలువల దండ", అయిదక్షరాలు, మధ్య అక్షరం 'మ'. "మధ్యలో 'మ' వచ్చే కలువల దండ ఎక్కడుందిరా?" అంది. నాన్న ఒప్పుకోలేదు. కమలమాల అన్నారు. అప్పుడు మధ్యలో 'ల' వస్తుంది, 'మ' కాదు. పైగా అత్తయ్యకు కోపం తెప్పించింది అక్షరం కాదు. "కమలం అంటే తామర. కలువ వేరు, తామర వేరు. ఒకటి సూర్యుణ్ణి చూసి విచ్చుకుంటుంది, ఒకటి చంద్రుణ్ణి చూసి. ఆ మాత్రం తేడా తెలియకుండా గళ్ళ ముందు కూర్చోకూడదు." నాన్న ఆధారమే తప్పన్నారు. తనకు కుదరని ప్రతిసారీ ఆధారమే తప్పు.

ఇక అటు ముట్టుకోకుండా కింది భాగానికి వెళ్ళారు. "పెద్దపులి", నాలుగు. నాన్నకు శార్దూలము వెంటనే తట్టింది. దాని చివరి 'ము' దగ్గర కలిసేది "మదించిన ఏనుగు", నాలుగు. అది మత్తేభము అని అత్తయ్య చెప్పింది. రెండు 'ము'లూ ఒకే గడిలో కలిశాయి. "సంపెంగ దండ", చంపకమాల. ఇది అత్తయ్య పెన్సిలు తీయకుండా ఒక్క ఊపులో రాసింది.

"తెలిసిపోయింది" అన్నారు నాన్న. "అడవి! పులి, ఏనుగు, కలువలు, సంపెంగలు. అన్నీ అడవిలోవే."

"అడవిలో నర్తకీమణి ఏం చేస్తోంది?"

"నెమలి ఉండదా?"

"నెమలి పడతి కాదురా. ఆడేది మగనెమలి."

నేను వాళ్ళిద్దరి మధ్య నుంచి తల దూర్చి గళ్ళు చూస్తున్నాను. "తూటాలకు పోసే లోహం", మూడు. సీసము అని నేనే అన్నాను. అత్తయ్య రాసింది. సీసం అడవిలో దొరకదు కాబట్టి నాన్న సిద్ధాంతం అక్కడితో కూలింది. ఆయన లేచి స్నానానికి వెళ్ళిపోయారు.

ఆ వారమే మా తెలుగు మాస్టారు గణవిభజన మొదలుపెట్టారు. గురువు, లఘువు, మూడేసి అక్షరాలకు ఒక గణం. ఉత్పలమాలకు భరనభభరవ, ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు నజభజజజర, ఇరవై ఒకటి, పదకొండో అక్షరం యతి. నాకు ఒక్క ముక్క పట్టుబడలేదు. ముందు రోజే నోటుపుస్తకంలో శార్దూలాన్ని మత్తేభమని రాసి, పులికీ ఏనుగుకూ తేడా తెలియదా అని తరగతి అందరి ముందూ అనిపించుకున్నాను. శార్దూలం 'మసజసతతగ', మత్తేభం 'సభరనమయవ'. మొదటిది పంతొమ్మిది, రెండోది ఇరవై. ఆ అవమానం ఇంకా పచ్చిగా ఉంది. గళ్ళలో ఆ రెండు జంతువులూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడి ఉండటం చూడగానే ఒళ్ళు మండింది. బడిలో చాలక ఇంటికి కూడా వచ్చాయా అనుకున్నాను.

అలా అనుకున్న క్షణంలోనే తెలిసింది.

పులి పులి కాదు. ఏనుగు ఏనుగు కాదు. సంపెంగ దండ మెడలో వేసుకునేది కాదు, సీసం తూటాలది కాదు. "నడకలోనే తెలుస్తారు" అంటే పద్యం నడక! కలువల దండ ఉత్పలమాల, మధ్య అక్షరం 'ల'. మూడు నిలువులో నాలుగో అక్షరం 'ల' అంటే నర్తకీమణి గోవిందా. అయిదక్షరాల్లో నర్తించే పడతి, అచ్చ తెలుగులో ఆడే వెలది, ఆటవెలది. వేమన పద్యాలు చాలావరకు నడిచే ఆటవెలది. "ఆటవెలది! అత్తయ్యా, ఆటవెలది! ఇవన్నీ పద్యాలు!" అని అరిచాను. "తేరుకున్న పాట" అని ఇంకో వంకర ఆధారం ఉంది, నాలుగు గళ్ళు. నీళ్ళు తేరుకుంటే తేట. తేటగీతి. దానికి ఆధారం చదవనవసరం లేకపోయింది. సరిగ్గా నడిమధ్య మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఛందస్సు. ఛం, ద, స్సు. అత్తయ్య చేతిలోంచి పెన్సిలు లాక్కుని రాసేశాను. మొదటిసారి మధ్యగడి నాది.

ఇక్కడ అత్తయ్య నన్ను దగ్గరికి తీసుకుని మెచ్చుకుందని రాయాలి. కానీ అలా జరగలేదు. పత్రిక తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో మాటా మళ్ళీ చూసింది. ఆవిడకు కొన్ని వందల పద్యాలు నోటికి వచ్చు. ఉత్పలమాల అంటే ఏమిటో నేను పుట్టకముందు నుంచీ తెలుసు. చంపకమాల తన చేత్తో తనే రాసి, సంపెంగలనే చూసింది. "నిన్న తరగతిలో చెప్పారు కాబట్టి తట్టింది. అదేమీ గొప్ప కాదు" అని పత్రిక మడిచి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నాన్నకు మాత్రం పట్టరాని సంతోషం. ఆయన నర్తకీమణి మీద నేను ఆటవెలదిని దిద్దినా ఏమీ అనలేదు. అక్కయ్య ఓడిపోవడం ఆయన అంతవరకు చూడలేదు.

మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చి చూస్తే అత్తయ్య వీధి గుమ్మంలో కూర్చుని ఉంది. పత్రిక కోసం. ఆ రోజు నుంచి నేను ఆవిడకు ప్రత్యర్థిని. మిగిలిన గళ్ళు తోసేసే పిల్లను కాను. నాకు అంతకంటే గౌరవం తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

పోటీ రెండు మూడేళ్ళు సాగింది. ఎవరు ముందు లేస్తే పత్రిక వాళ్ళది. ఎండాకాలం సెలవుల్లో నేను గుమ్మంలోనే చాప వేసుకుని పడుకున్న రోజులున్నాయి. నాన్న రెండు పత్రికలు వేయిస్తానన్నారు. ఇద్దరమూ వద్దన్నాం. రెండు పత్రికలుంటే ఇక ఆటేముంది?

ఆ రోజుల్లోనే ఒకసారి పత్రికవాళ్ళు పొరపాటున నిన్నటి గళ్ళకు ఇవాళ్టి ఆధారాలు వేశారు. ఒకటి అడ్డం నాలుగక్షరాలంటే అక్కడ ఆరు గళ్ళున్నాయి. తొమ్మిది నిలువుకు గడే లేదు. అత్తయ్య పది నిమిషాల్లో కనిపెట్టి పెన్సిలు కింద పెట్టేసింది. నాన్న మాత్రం మధ్యాహ్నం దాకా దానితో కుస్తీ పట్టి ఏడు మాటలు ఇమిడ్చారు! ఎలా ఇమిడ్చారో మాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు సవరణ పడితే, "నాది దాదాపు కుదిరింది" అన్నారు.

తర్వాత నేను చదువుకూ, ఉద్యోగానికీ బయటికి వెళ్ళిపోయాను. గళ్ళ చరిత్ర ఏమిటో పుస్తకాల్లో చదవడం అప్పుడు మొదలైంది. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వేసిన పజిలు ఈ వంశానికి మూలపురుషుడని, అది వజ్రం ఆకారంలో ఉండేదని, దాని పేరు మొదట 'వర్డ్-క్రాస్' అని, తర్వాత తలకిందులై 'క్రాస్‌వర్డ్' అయిందని తెలిసి, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అత్తయ్యకు చెప్పాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మన చక్రబంధం, నాగబంధం చూడలేదు కాబోలు పాపం" అంది. నిజమే. అవి చక్రం, పాము ఆకారాల్లో అక్షరాలు పేర్చే పద్యాలు. చక్రం ఆకులన్నీ నడిమి అక్షరాన్ని పంచుకుంటాయి. పాము మెలికలు ఒకదాన్నొకటి దాటే చోట ఒకే అక్షరం రెండు పాదాలకూ పనిచేస్తుంది. గడి లేదు, ఆధారం లేదు, అంతే తేడా. ఆవిడ ముందు ఇంగ్లీషువాళ్ళ గొప్ప చెప్పి గెలవడం కష్టం.

ఒక్కదానికి మాత్రం నోరు తెరిచింది. 1996 నవంబరు 5న అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు. ఆ రోజు 'న్యూయార్క్ టైమ్స్' గళ్ళలో మధ్య వరుస ఆధారం, రేపటి పత్రికలో ప్రధాన వార్త. జవాబులో రెండో మాట 'ఎన్నికయ్యాడు'. మొదటి మాట ఏడక్షరాలు. 'క్లింటన్' అని రాస్తే సరిపోతుంది. 'బాబ్ డోల్' అని రాసినా సరిపోతుంది! ఇంగ్లీషు స్పెల్లింగులో రెండూ ఏడే. ఆ ఏడు గళ్ళనూ నిలువుగా కోసే ఏడు మాటలూ రెండు విధాలుగా కుదిరేటట్టు జెరెమయా ఫారెల్ అనే ఆయన కూర్చాడు. మొదటి నిలువు ఆధారం హాలోవీన్ నాటి నల్ల జంతువు. 'క్యాట్' రాస్తే క్లింటన్ గెలుస్తాడు, 'బ్యాట్' రాస్తే డోల్ గెలుస్తాడు. పిల్లి కాకపోతే గబ్బిలం. ఫలితం తేలకముందే పత్రిక ఎలా ప్రకటిస్తుందని కొందరు, తప్పు మనిషిని గెలిపించారని కొందరు పత్రికకు ఫోన్లు చేశారట.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "తెలుగులో కుదరదు."

ఎందుకు కుదరదో నాకూ తెలుసు. వాళ్ళు మార్చవలసింది ఒక్క అక్షరం. మనం మార్చవలసింది గుణింతంతో సహా అక్షరం. అయినా ఆవిడ కుదరదు అన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. తిరిగి వెళ్ళాక పని అయ్యాక రోజూ కాగితం ముందు పెట్టుకునేదాన్ని. ఏడు గళ్ళు నా వల్ల కాదని మొదటి వారమే తేలింది. ఒక్క గడి చాలు అనుకున్నాను. ఒకే గడిలో రెండు అక్షరాలు, అడ్డానికీ నిలువుకూ రెండు విధాలా కుదరాలి, ఆధారం మాత్రం మారకూడదు. 'ఆట, పాట' దొరికాయి, పిల్లల కాలక్షేపం అనవచ్చు. కానీ 'ఆ'తోనూ 'పా'తోనూ మొదలై ఒకే ఆధారానికి లొంగే నిలువు మాట దొరకలేదు. 'ఆవు, పావు' ఏమిటి, 'ఆకు, పాకు' ఏమిటి, ఒకదానికొకటి మొహం కూడా చూసుకోవు. 'తోట, కోట' అనుకున్నాను, కాపలా ఉండవలసిన చోటు. అదీ నిలువు దగ్గర చచ్చింది.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి గోడ మీద బల్లి కూసింది. బల్లి, పిల్లి. పిలవకపోయినా ఇంట్లో చేరేవి. 'బ', 'పి'. ఇవి మొదటి అక్షరాలుగా ఒకే జాతి మాటలు... బకము, పికము! కొంగ, కోకిల. రెండూ సంస్కృతమే, రెండూ పక్షులే, రెండూ మూడక్షరాలే. అత్తయ్య నా చేత చిన్నప్పుడు వల్లె వేయించిన పక్షుల పేర్లలోవే రెండూ. అర్ధరాత్రి ఒంటరిగా గదిలో నిలబడి నవ్వాను.

దాని చుట్టూ అడ్డం ఏడు, నిలువు ఏడు గళ్ళతో ఒక పజిలు కూర్చి, తెల్లకాగితం మీద గీతలు గీసి, రెండు ప్రతులు తయారుచేసి, తర్వాతి సెలవులకు పట్టుకెళ్ళాను. ఒకటి నాన్నకు, ఒకటి అత్తయ్యకు. ఆయన సావిట్లో, ఆవిడ వెనక వసారాలో.

అత్తయ్య ముందుగా నా తప్పులు పట్టింది. ఒకే మాట రెండు చోట్ల వాడానట. ఒక మూల నాలుగు గళ్ళు దేనితోనూ కలవకుండా వెలివేసినట్టున్నాయట. కాగితాన్ని తలకిందులు చేసినా నల్లగళ్ళ బొమ్మ మారకూడదన్న నియమం పాటించలేదట. ఇవన్నీ చెప్పి, నింపిన కాగితం నా చేతికిచ్చింది. చక్కగా, మధ్యలో, పెన్సిలుతో 'బ'. ఎక్కడా చీమ లేదు. రూఢి.

నాన్న కాగితంలో నల్ల సిరాతో 'పి'.

రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. "అక్కయ్యా, నీది తప్పు" అన్నారు నాన్న, చూడగానే. "బల్లిని ఎవరు పిలుస్తారు, పిలవకపోవడానికి?" "పిల్లినయితే పిలుస్తారు కదా, అందుకే అది కాదు" అంది అత్తయ్య. "ఆ నిలువు మాట చూడు, పికము, కోకిల." "బకము పక్షి కాదా?" ఇలా పావుగంట. ఇద్దరూ ఎదుటివాళ్ళది కూడా కుదురుతుందని తెలుసుకున్నారు, ఇద్దరూ ఒప్పుకోలేదు. చివరికి నాన్న ఆవిడ కాగితం లాక్కుని, పెన్సిలు 'బ' మీద తన పెన్నుతో 'పి' దిద్దేశారు. అత్తయ్య రబ్బరు తీసుకుని రుద్దింది. సిరా పోలేదు, కాగితం చిరిగింది.

అత్తయ్యకు చివరి అయిదారేళ్ళు చూపు బాగా తగ్గింది. పత్రికలో శీర్షికలు తప్ప చదవలేకపోయేది. నేను ఉద్యోగం చేసే చోట కూడా అదే పత్రిక వేయించుకుని, పొద్దున్నే ఫోను చేసి ఆధారాలు చదివేదాన్ని. ఆవిడ దగ్గర కాగితం లేదు, పెన్సిలు లేదు. గళ్ళు మొత్తం తలలోనే. "ఏడు అడ్డం అయిదక్షరాలు, మూడోది నాలుగు నిలువులో రెండోది" అని ఒకసారి చెబితే చాలు, పది నిమిషాల తర్వాత నేను మరిచిపోయిన అక్షరం ఆవిడ అందించేది. ఫోనులో 'స' కీ 'శ' కీ తికమక పడేవాళ్ళం. "ఏ శ?" "శంఖంలో శ." "ణ ఏది?" "వీణలో ణ." ఒకసారి ఆధారంలో 'కళ' అని ఉంటే నేను 'కల' అని చదివాను. కలకు సరిపోయే జవాబులు వెతికి వెతికి, "నువ్వు సరిగ్గా చూడు, అక్కడ 'ళ' ఉండాలి" అంది. ఉంది. ఆ 'ళ' నేను చూస్తూనే ఉన్నాను, ఆవిడ చూడకుండానే పట్టుకుంది.

దారం దొరికే సమయానికి మాత్రం మునుపటిలాగే పోటీ. నాకు ముందు తట్టిన రోజున ఆవిడ "ఫోను సరిగ్గా వినిపించలేదు" అనేది. అలాంటి ఒక రోజు, గళ్ళన్నీ అయ్యాక, పెట్టేయబోతుంటే అడిగింది.

"ఆ ఏడు గళ్ళ కాగితం ఉందా నీ దగ్గర?"

"ఉందత్తయ్యా. చిరుగు వెనక కాగితం అంటించాను."

"అసలు జవాబు ఏదో నువ్వు ఇంతవరకూ చెప్పలేదు."

"రెండూ అసలే."

"అలా కుదరదు. కూర్చేటప్పుడు ఏదో ఒకటి ముందు వచ్చి ఉంటుంది కదా. ఏది ముందు తట్టింది?"

చెప్పాను. గోడ మీద కూసిన సంగతి కూడా చెప్పాను.

అటు వైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, పక్క గదిలో ఉన్న నాన్నకు వినిపించేటంత గట్టిగా, "ఒరేయ్! బల్లేనటరా!"